రోజుకి నలభై బోణీలు

చిల్లపల్లి మార్కండేయులు తన యాభై ఆరేళ్ళ ఎనిమిది నెలల జీవితంలో ఒకే ఒక్క జోకు వేశాడు. అది కాస్తా సర్క్యులరయి కూర్చుంది.

ఆయన పని చేసేది సంపత్కరీ చేనేత విక్రయ సమాఖ్యలో. బందరు శాఖకి మేనేజరు. మేనేజరంటే ఏసీ గదీ, గిర్రున తిరిగే కుర్చీ ఊహించుకునేరు. శాఖ మొత్తం కలిపి ముగ్గురు మనుషులు, రెండు ఫ్యాన్లు, ఒక శటరు. మొదటి మనిషి మార్కండేయులు. రెండోవాడు చీరల మడతలు విప్పే ఇస్మాయిలు. ఇరవై రెండేళ్ళుగా ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు ఆయన కంటే బాగా అమ్ముతున్నాడు. మూడో మనిషి కంప్యూటరు దగ్గర బిల్లులు కొట్టే హైమావతి. ఫ్యాన్లలో ఒకటే తిరుగుతుంది.

ఆ ఏడు సమాఖ్య వారు "వ్యూహాత్మక సమాచార సాంకేతికత ద్వారా వ్యాపార ఉత్పాదకతా పరివర్తన పథకం" అనే దాన్ని తెచ్చారు. పేరు బ్యానరు మీద రాయిస్తే ఒక లైనులో పట్టక, "పథకం" అన్న మాట గోడ పక్కకి తిరిగింది. గుమ్మం మీద ఒక కెమెరా బిగించారు. లోపలికి ఎంతమంది వచ్చారో అది లెక్కపెడుతుంది. ఎంతమంది కొన్నారో కంప్యూటరు లెక్కపెడుతుంది. రెండు లెక్కలూ నిమిషానికోసారి విజయవాడ హెడ్డాఫీసుకి పోతాయి. అక్కడ నిశాంత్ అనే ఉత్పాదకతా సలహాదారు వాటిని గీతలుగా మార్చి, గీత కిందికి వంగితే శాఖలకి ఫోను చేస్తాడు.

జ్యేష్ఠం ఆఖర్లో మేనేజర్లందరికీ విజయవాడలో మీటింగు పెట్టారు. నిశాంత్ తెర మీద ఒక బొమ్మ వేశాడు.

"చూడండి. ఉదయం మొదటి కస్టమర్ నూటికి నూరు శాతం కొంటున్నాడు. రెండో కస్టమర్ నుంచి ముప్పై ఒక్క శాతానికి పడిపోతోంది. అన్ని బ్రాంచిల్లోనూ ఇదే ప్యాటర్న్. వై?"

మేనేజర్లందరూ నేల చూపులు చూశారు. కారణం తెలియక కాదు. చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇంత పెద్ద తెర వేసి అడుగుతున్నాడంటే ఇందులో ఏదో మెలిక ఉందని వాళ్ళ భయం. మార్కండేయులు మాత్రం హెడ్డాఫీసు వాళ్ళు పెట్టిన పెసరట్టు ఉప్మా దిట్టంగా తిని ఉన్నాడు. కడుపు నిండితే ధైర్యం వస్తుంది కదా, చెయ్యెత్తాడు.

"బోణీ అండి."

"అంటే?"

నిశాంత్ తెలుగువాడే గానీ, వాళ్ళమ్మ కూరగాయలు కూడా ఫోనులోనే కొంటుంది. మార్కండేయులు లేచి నిలబడి, గొంతు సవరించుకుని చెప్పాడు. "పొద్దున్నే వచ్చే మొదటి బేరం అండి. దాన్ని పోనివ్వకూడదు. లేదూ కాదూ అనకూడదు. బోణీ బేరం పోయిందంటే ఇక సాయంత్రం దాకా ఈగలు తోలుకోవడమే. అందుకని మేనేజరు చేతిలో ఉన్న ఐదు శాతం తగ్గింపు ఇచ్చేసి, బతిమాలో బామాలో చేతిలో కవరు పెట్టే పంపిస్తాం. ఆ డబ్బు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేస్తాం."

"వండర్‌ఫుల్. మరి ఇదే ప్రాసెస్ మిగతా కస్టమర్లకి ఎందుకు ఇంప్లిమెంట్ చెయ్యట్లేదు?"

"బోణీ రోజుకి ఒక్కటే కదండీ!"

"ఎవరు చెప్పారు?"

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఈ ప్రశ్న ఆయన్నెవరూ అడగలేదు. జవాబు తెలియని మనిషి నోరు మూసుకోవాలి. మార్కండేయులు మూసుకోలేదు సరికదా, మేనేజర్లందరి వైపూ ఓ చూపు చూసి, "అయితే ఓ పని చేద్దామండి. ఒక్కో బిల్లు కొట్టగానే ఆ రోజు ముగించేసి, కొత్త రోజు తెరుద్దాం. అప్పుడొచ్చిన వాళ్ళందరూ బోణీయే!" అన్నాడు.

హాలు గొల్లుమంది. తణుకు మేనేజరు తొడ చరుచుకుని మరీ నవ్వాడు. మార్కండేయులు మొహం దీపావళి మతాబులా వెలిగింది. నవ్వని వాళ్ళు ఇద్దరే. ఒకడు నిశాంత్, అతను గబగబా టైపు చేసుకుంటున్నాడు. రెండో ఆయన జనరల్ మేనేజరు. నిశాంత్ నవ్వితే గానీ ఆయన నవ్వడు.

"రోజు అనేది సిస్టంలో ఒక సెట్టింగ్ మాత్రమే," అన్నాడు నిశాంత్ తలెత్తకుండానే.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, గ్రాహకుని ప్రథమత్వమును సార్వత్రికము చేయు సంకల్పముతో 'ఏకగ్రాహక దినము' అను విధానము ప్రవేశపెట్టడమైనది. ప్రతి బిల్లుతో దినము ముగియును. తదుపరి గ్రాహకునితో తదుపరి దినము ప్రారంభమగును. సూచనకర్త శ్రీ చి. మార్కండేయులు గారి గౌరవార్థము, ఈ విధానము ప్రయోగాత్మకముగా వారి బందరు శాఖయందే అమలగును."

తోడు ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం కూడా వచ్చింది. మార్కండేయులు సర్క్యులరుని మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ తన పేరున్న పేరా దగ్గరే ఆగిపోయాడు. దాని కింద నాలుగో పేరా ఒకటి ఉంది. మహానుభావుడు దాని జోలికే పోలేదు.

ఆషాఢం రెండో వారం నుంచి అమలు. పాత పద్ధతిలో పొద్దున్న కొట్టు తెరవాలంటే కొన్ని నియమాలున్నాయి. ముగ్గురూ వేలిముద్ర వెయ్యాలి. శటరు పైకెత్తుతూ ఒక ఫొటో, అగరొత్తులు వెలిగించి ఒక ఫొటో తీసి విజయవాడ పంపాలి. రాత్రి మూసేటప్పుడు శటరు దించి ఇంకో ఫొటో పంపాలి. ఇప్పుడు రోజు అంటే ఒక బిల్లు కాబట్టి, ప్రతి బిల్లుకీ ఈ తతంగమంతా జరగాలి. హైమావతి బిల్లు కొట్టి "డే క్లోజ్" నొక్కుతుంది. ఇస్మాయిలు శటరు దించుతాడు. మార్కండేయులు ఫొటో తీస్తాడు. మళ్ళీ శటరు ఎత్తుతారు, మళ్ళీ వేలిముద్రలు, మళ్ళీ అగరొత్తులు. మధ్యాహ్నమయ్యేసరికి కొట్టు నిండా పొగ కమ్మేసి, చిలకలపూడి నుంచి వచ్చిన ఒకావిడ ఎవరికో దినం పెడుతున్నారనుకుని చేతులు జోడించింది.

"ఏంటయ్యా, నేనొచ్చేసరికి కొట్టు కట్టేస్తున్నారు?" అంది తేరుకుని.

"రోజైపోయిందమ్మా. కాసేపు ఆ మెట్టు మీద కూచోండి, మూడు నిమిషాల్లో తెల్లారిపోద్ది," అన్నాడు ఇస్మాయిలు.

ఇందులో ఇంకో చిక్కుంది. బిల్లు కొడితేనే రోజు ముగుస్తుంది. మరి కొనని మనిషి వస్తే? నాలుగో నాడు రిటైరయిన పోస్టుమాస్టరొకాయన ఫ్యాను గాలికి వచ్చి కూర్చున్నాడు. పేపరు మొత్తం చదివాడు. మూడున్నరయినా లేవడు. రోజు ముగియదు, తిండికి విరామం ఇవ్వడానికి సిస్టం ఒప్పుకోదు. హైమావతి క్యారేజీ వంక చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆఖరికి ఇస్మాయిలు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని పదిహేను రూపాయల చేతిరుమాలు ఒకటి అంటగట్టాడు. ఆ దెబ్బతో కిటుకు తెలిసిపోయింది. చీర కొననివాళ్ళకి రుమాలు. దారి అడగడానికి వచ్చినవాళ్ళకీ రుమాలే. గుమ్మం లోపలికి కాలు పెట్టిన ప్రాణి రుమాలు లేకుండా బయటికి పోలేదు.

నూటికి నూరు శాతం! విజయవాడలో గీత నిటారుగా లేచి నిలబడింది. "బందరు మోడల్" అన్నారు. నిశాంత్ రోజూ ఫోను చేసి "సార్, యూ ఆర్ ఎ జీనియస్" అనేవాడు. ఏ రోజు అనేది మాత్రం చెప్పడం కష్టం, ఎందుకంటే అప్పటికి రోజుకి నలభై రోజులు గడుస్తున్నాయి.

తేదీలు పరిగెత్తసాగాయి. తొమ్మిది రోజులకోసారి సిస్టం "నూతన సంవత్సర శుభాకాంక్షలు" అని మెసేజి పెట్టేది. హైమావతికి నెలలో మూడు పుట్టినరోజులు వచ్చాయి. సంవత్సరం మారినప్పుడల్లా వాడుకోని సెలవులన్నీ మురిగిపోయేవి. ఒకావిడ మొన్న కొన్న చీర రంగు దిగిందని పట్టుకొచ్చింది. మార్చి ఇవ్వడానికి పదిహేను రోజులు గడువు. బిల్లు చూస్తే చీర కొని రెండున్నర నెలలయింది. పైగా గోడ మీది క్యాలెండరు ప్రకారం ఆ కొన్న తేదీ ఇంకో పదమూడు నెలలకి గానీ రాదు. మార్కండేయులు తల పట్టుకుని, సొంత పూచీ మీద మార్చి ఇచ్చాడు.

"సార్, రోజుకి నలభై సార్లు వేలిముద్ర వేస్తున్నాం కదా. మరి జీతం కూడా అలాగే లెక్కేస్తారేమో అడగండి," అంది హైమావతి ఆశగా.

మార్కండేయులు జనరల్ మేనేజరుకి ఫోను చేశాడు.

"జీతము భూభ్రమణము ననుసరించి, సేవాకాలము సిస్టము ననుసరించి," అన్నాడాయన. మాట్లాడినా కాగితం చదివినట్టే ఉంటుంది ఆయన ధోరణి. "నాలుగవ పేరా మీ దృష్టికి రాలేదా?"

వచ్చి ఉంటే ఇంకేం! మార్కండేయులు సొరుగులోంచి సర్క్యులరు తీసి, మొదటిసారి కింది దాకా చదివాడు. "సిబ్బంది వయస్సు, సేవాకాలము, పదవీ విరమణ తేదీ సైతము సిస్టము దినములను బట్టియే నిర్ణయింపబడును." చదివి ఒక పాత బిల్లు వెనక లెక్క వేశాడు. అరవై ఏళ్ళకి రిటైర్మెంటు. పథకం మొదలయ్యేనాటికి ఉన్నది మూడేళ్ళ నాలుగు నెలలు. అప్పటికే ఇరవై రోజుల్లో రెండేళ్ళు పైగా కరిగిపోయాయి. మిగిలినదాన్ని నలభైతో భాగిస్తే పది రోజులు. శ్రావణం రద్దీని కలిపితే వారం కూడా దక్కదు.

కలం పక్కన పడేశాడు ఆయన. చిన్న కూతురు మాధురి గుంటూరులో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. ఆ చదువు పూర్తవ్వాలంటే తన జీతం ఇంకో రెండేళ్ళు ఇంటికి రావాలి. అదొక్కటేనా! ఇరవై రెండో ఏట నుంచీ ఆయనకి తెలిసిన పని గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి, ఇది ఏ ఊరి మగ్గమో చెప్పడం. ఇంట్లో కూర్చుంటే ఆ వేళ్ళతో ఏం చేసుకుంటాడు? చప్పట్ల కోసం నోరు జారినందుకు తన్ను తాను వచ్చిన తిట్లన్నీ తిట్టుకున్నాడు. రాని తిట్లు ఇస్మాయిల్ని అడిగి తెలుసుకున్నాడు.

నిశాంత్‌కి ఫోను చేశాడు. "బాబూ, నాకు వయసైపోతోందయ్యా!"

"ఎగ్జాక్ట్లీ సార్! మీ వయసు పెరిగే స్పీడే మా ప్రొడక్టివిటీ ఇండెక్స్. దేశంలో ఏ ఉద్యోగీ ఇంత ఫాస్ట్‌గా ముసలివాడు కాలేదు. మీ మీద కేస్ స్టడీ రాస్తున్నాను."

వయసు సవరణకి అర్జీ పెట్టుకోవచ్చని హెడ్డాఫీసులో ఒక గుమాస్తా జాలిపడి చెప్పాడు. రాసిన తేదీ నుంచి తొంభై రోజుల గడువులోగా చేరాలి. మార్కండేయులు ఆ పూటే రాసి రిజిస్టరు పోస్టులో పంపాడు. అది విజయవాడ చేరేసరికి మూడు రోజులు పట్టింది, అంటే నూట ఇరవై రోజులు. కాలదోషం పట్టిందని ముద్ర వేసి తిప్పి పంపారు.

ఇక మిగిలింది ఒకటే దారి. బిల్లు పడకపోతే రోజు గడవదు. కస్టమరు రాకపోతే బిల్లు పడదు. మార్కండేయులు కుర్చీ గుమ్మం బయట, కెమెరాకి అందని చోట వేసుకుని కూర్చున్నాడు.

"ఏవమ్మా, ఇక్కడేం బాగుండవు. ఎదురుగా ఆ కొట్టుకెళ్ళండి, బోలెడు రకాలున్నాయి," అనేవాడు వచ్చిన ప్రతివాళ్ళతో.

వాళ్ళు ఆశ్చర్యపోయారు. "చూశావా వదినా, ఎదురు కొట్లో బాగుంటాయని తనే చెబుతున్నాడు. ఈ రోజుల్లో ఇంత నిజాయితీ ఎక్కడుంది!" అనుకుని, లోపలికి వెళ్ళి ఒకటి కొనేవాళ్ళు రెండు కొన్నారు. బిల్లులు మాత్రం విడివిడిగా కొట్టించుకున్నారు. "రంగు దిగుద్దండీ" అంటే, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషని ఊరంతా చెప్పుకున్నారు. శ్రావణం మొదలయ్యేసరికి గూడూరు నుంచీ, పెడన నుంచీ ఆటోలు మాట్లాడుకుని మరీ రాసాగారు.

ఒక మధ్యాహ్నం ఇస్మాయిలు బయటికి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు.

"గురువు గారూ, ఒక మాటంటాను, కోప్పడకండి. మీరిలా గుమ్మంలో కూచుని బేరాలు తోలేస్తుంటే నేను చూడలేకపోతున్నాను. బోణీ బేరం చెడగొట్టిన చెయ్యి మళ్ళీ గజంబద్ద పట్టకూడదని నాకు చెప్పింది మీరేగా."

"నీకేం నాయనా, నీకింకా పదకొండేళ్ళుంది."

"పదకొండేళ్ళంటే డిసెంబరు దాకా. లెక్క నాకూ వచ్చండి," అన్నాడు ఇస్మాయిలు. "అయినా వచ్చిన మనిషిని పొమ్మనడం నావల్ల కాదు."

మార్కండేయులు లేచాడు. కుర్చీ తీసి లోపల పెట్టించాడు.

వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు గురువారం. పొద్దున్న తొమ్మిదిన్నర. సిస్టంలో ఆయన సర్వీసు సరిగ్గా ఒక్క రోజు మిగిలింది. అంటే ఒక్క బిల్లు. శటరు సగమే ఎత్తారు. ఈ పూటకి ఎవరూ రాకపోతే బాగుండునని హైమావతి సెల్లులో అమ్మవారి బొమ్మకి దణ్ణం పెట్టుకుంది.

శటరు కింద నుంచి ఒక ముసలావిడ వంగి లోపలికి వచ్చింది. పెడన మనిషి. చేతిలో ముడి వేసిన జేబురుమాలు.

"బాబూ, మా ఆయన నేసిన చీరలు మీకే ఏస్తాడు. పేరు గంజి నాగలింగం. ఆటిల్లో ఒకటి కావాలయ్యా. నలభై ఏళ్ళు ఆయన మగ్గానికి ఆసు పోశాను, నూలు కండెలు చుట్టాను. ఒక్కటీ కట్టుకోలా. రేపు వ్రతానికి కట్టుకుందామని."

మూసేశామమ్మా అంటే సరిపోతుంది. రేపు రండి అన్నా సరిపోతుంది. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాట బయటికి రాలేదు. మార్కండేయులు లేచి, ఇస్మాయిల్ని పక్కకి జరగమని, బీరువాలోంచి వంగపండు రంగు చీర తానే తీశాడు. అంచు రెండు వేళ్ళతో నలిపి చూశాడు. నాగలింగం చెయ్యే, అనుమానం లేదు. మడత విప్పి ఆవిడ ఒళ్ళో పరిచాడు.

"ఇదేనమ్మా. నీకు బాగుంటుంది."

ఆవిడ చీరని నిమిరి, ముడి విప్పింది. ఐదు శాతం తగ్గించాడు. ఇంకో నూట పది రూపాయలు తక్కువైతే జేబులోంచి తీసి కలిపాడు. ఆ డబ్బు కళ్ళకద్దుకుని గల్లాలో వేశాడు. హైమావతి మీట మీద వేలు పెట్టి నొక్కలేక కూర్చుంది.

"సార్..."

"బోణీ బేరమమ్మా. కొట్టు."

కొట్టింది. రోజు ముగిసింది. ప్రింటరు గరగరమని ఒక కాగితం కక్కింది. "శ్రీ చి. మార్కండేయులు గారు షష్టిపూర్తి వయస్సు పొందినందున నేటి నుండి విశ్రాంతి పొందుచున్నారు. వారి సేవలు చిరస్మరణీయము. వారిని సమాఖ్య ఉత్పత్తియగు శాలువాతో సత్కరించి, ఫొటో అప్‌లోడు చేయవలెను. శాలువాను విరమించు ఉద్యోగి పేరిట బిల్లు చేయవలెను."

"మీ సన్మానానికి మీరే కొనాలా!" హైమావతి ఏడుస్తూనే తిట్టింది.

ఇస్మాయిలు శటరు దించాడు, ఫొటో తీశాడు. మళ్ళీ ఎత్తాడు. మార్కండేయులు అలవాటు చొప్పున వేలు పెడితే మిషను ఎర్రగా వెలిగి, గుర్తించలేదు. ఆయన బయటికి వెళ్ళి మెట్ల మీద నిలబడ్డాడు. కాసేపటికి లోపలికి వస్తుంటే గుమ్మం మీద కెమెరా ఆయన్ని కస్టమరు కింద లెక్క కట్టింది.

"రండి గురువు గారూ," అన్నాడు ఇస్మాయిలు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. శాలువా తీసి, ఒక్క విసురుతో గాలిలో విప్పి, బల్ల మీద పరిచాడు. "బోణీ మీదే. మీ ఒంటి రంగుకి అతికినట్టుంటుంది. చూడండి, ముట్టుకుని చూడండి."

మార్కండేయులు ముట్టుకుని చూశాడు. మంచి నేత. కొనాలనే ఉంది. ఇంటికి కప్పుకుని వెళితే ఇంటావిడ ముందు కాస్త మొహం చెల్లుతుంది. తలెత్తి చూస్తే కంప్యూటరు తెర మీద మిగిలిన ఇద్దరి పేర్లూ, వాటి ఎదురుగా మిగిలిన రోజులూ ఉన్నాయి. తన పేరు మీద బిల్లు పడితే ఇద్దరికీ చెరొక రోజు తెగిపోతుంది. ఇస్మాయిలుకి ఉన్నవే డిసెంబరు దాకా.

శాలువా మీద చెయ్యి తీసేశాడు.

"రంగు నచ్చలేదయ్యా."

"వేరే రంగు తీస్తానండి. నేతలో కూడా బోలెడు..."

"ధర ఎక్కువ."

"తగ్గిస్తాను!" ఇస్మాయిలు ఆయన కళ్ళు ఎటు చూస్తున్నాయో చూసి, తెర వంక తిరిగాడు. సంగతి అర్థమైంది. "గురువు గారూ, పోనీ రుమాలన్నా..."

"వద్దు లేవయ్యా. మళ్ళీ వస్తాను," అని మార్కండేయులు మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఐదు నిమిషాల్లో విజయవాడ నుంచి ఫోను మోగింది. నిశాంత్ గొంతు గాభరాగా ఉంది. "మేడమ్, గ్రాఫ్ ఫస్ట్ టైం కింద పడింది! బోణీ కస్టమర్ ఒకతను కొనకుండా వెళ్ళిపోయాడు. ఎవరతను? ఏమన్నాడు?"

"మళ్ళీ వస్తానన్నాడండి," అంది హైమావతి.

"ఓ, గుడ్! అయితే ఎప్పుడొస్తాడో ఆ తేదీ సిస్టంలో ఎక్కించండి."

హైమావతి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి ఇస్మాయిలు వంక చూసింది. అతను శాలువా మడత పెడుతున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"రేపని కొట్టమ్మా," అన్నాడు.

మెట్ల దగ్గర అప్పటికే ఇద్దరు ఆడవాళ్ళు చెప్పులు విడుస్తున్నారు.